కట్టె తెస్తేనే తలుపు

చేతిలో కట్టె లేనివాడికి దేవుణ్ణి చూపించడు గాస్పార్. మా వాలోర్జ్ ఊళ్ళో ఉయ్యాలలో ఉన్న పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. పారిస్ నుంచి వచ్చిన ప్రొఫెసరు ఒక్కడికే తెలియలేదు.

జులై నెల, మంచి ఎండ. నేను కూడలిలో రొట్టెల కొట్టు ముందు బల్ల మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను. ప్రొఫెసరు కారు దిగాడు. తెల్ల టోపీ, మెడలో పట్టు రుమాలు, చంకలో తోలు సంచి. చర్చిల్లో బలిపీఠం వెనక ఉండే బంగారు చెక్కడాల మీద దిండ్లంత పుస్తకాలు రాసినవాడట. కొండమీది చర్చికి వెళ్ళే మెట్ల మొదట గాస్పార్ నిలబడి ఉన్నాడు. నడుముకు జానెడు తాళంచెవి, పక్కన మనిషెత్తు కట్టెల దొంతి.

"చర్చి చూడాలి," అన్నాడు ప్రొఫెసరు.

"చూడండి. కట్టె తీసుకోండి."

"ఏం కట్టె?"

గాస్పార్ అతని భుజాలు ఓసారి కళ్ళతో కొలిచి, దొంతిలోంచి తొడ లావు మొద్దు ఒకటి లాగాడు. "మీకిది సరిపోతుంది. నూట నలభై మెట్లు. తొందరేం లేదు."

"నేను కూలివాణ్ణి కాను."

"కూలివాడైతే రెండిచ్చేవాణ్ణి."

"నా దగ్గర బిషప్‌గారి ఉత్తరం ఉంది."

గాస్పార్ ఆ ఉత్తరం తీసుకున్నాడు. చదవలేదు. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మందం చూశాడు. "మంచి కాగితమండీ. నిప్పు రాజేయడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కట్టె మాత్రం విడిగా తేవాలి."

"ఈ చర్చి నీ సొంతమా?"

"చర్చి దేవుడిది. తలుపు ఊరిది. తాళంచెవి నా దగ్గరుంది. కట్టె మీ దగ్గరుండాలి. అందరం తలా ఒకటి పంచుకున్నాం, ఇందులో పేచీ ఏముంది?"

"నాకు నడుంనొప్పి."

"అది ముందే చెప్పాలి కదండీ," అని గాస్పార్ ఆ మొద్దు పెట్టేసి చెయ్యి లావుది తీశాడు. "నడుంనొప్పికి ఇది. గుండెజబ్బుకి చితుకులు. బాలింతలకి పైన్ కాయ ఒకటి చాలు. అసలేమీ మొయ్యనన్నవాళ్ళకి మా ఊళ్ళో కాఫీ బాగుంటుంది. అదిగో కొట్టు."

ప్రొఫెసరు వెళ్ళి కాఫీ తాగాడు. ఇంకోటి తాగాడు. మేయరు ఆఫీసుకు వెళ్ళాడు. అది భోజనాల వేళ. ఆ వేళ మా ఊళ్ళో ఇల్లు తగలబడినా రెండింటి తర్వాతే తగలబడాలి. తిరిగొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. గాస్పార్ కూడా కూర్చున్నాడు. ఇద్దరూ రెండు గంటలు పట్టు విడవలేదు. నాలుగు గంటలు కొట్టేసరికి ప్రొఫెసరు లేచి, టోపీ నా బల్ల మీద పెట్టి, కట్టెను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. కూడలి కూడలంతా పని ఆపి చూసింది. వెనకాల గాస్పార్ వట్టి చేతులతో ఈల వేసుకుంటూ ఎక్కాడు.

ఆ వెనకాల నేనూ ఎక్కాను. వాళ్ళ మాటలు వినడానికి కాదు. మా ఇల్లు చర్చి వెనక పై పేటలోనే ఉంది. టోపీ కూడా ఇవ్వాలి కదా.

పైకి చేరేసరికి ప్రొఫెసరు చొక్కా వీపుకు అంటుకుపోయింది, పట్టు రుమాలు నిండా బెరడు. గాస్పార్ జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చాడు. "కట్టె కోసమీద మీ ఊరిపేరు రాయండి."

"ఎందుకు?"

"ఎవరు మోశారో కట్టెకి తెలియొద్దా?"

ప్రొఫెసరు వంకరటింకరగా 'పారిస్' అని రాశాడు. గాస్పార్ తల వంకరగా పెట్టి చూశాడు. "పారిస్ కట్టె పొగెక్కువ. ఏం చేస్తాం," అని తలుపు తీశాడు.

లోపల ప్రొఫెసరు బెంచీ మీద కూలబడి పావుగంట అలాగే ఉండిపోయాడు. సంచిలోంచి పుస్తకం తీయడానికి కూడా చేతులు రాలేదు, బంగారు చెక్కడం వైపు చూస్తూ ఊపిరి పీల్చుకోవడమే. వెళ్ళేటప్పుడు, "ఇలాంటివి నలభై చూశాను. అన్నీ నిలబడి చూశాను. కూర్చుని చూసింది ఇదొక్కటే," అన్నాడు. టోపీ అందుకుని నాకు వంగి నమస్కారం కూడా పెట్టాడు. గాస్పార్‌తో తగాదా పడి ఓడిపోయినవాడు ఇంత మర్యాదగా మారడం అప్పటికి చాలాసార్లు చూశాను.

గాస్పార్, నేను ఒకే బడిలో చదువుకున్నాం. చదివింది నాలుగేళ్ళే అయినా సంతకం పెట్టడంలో నాతో సాటి వచ్చేవాళ్ళు ఈ లోయలో లేరు, అది వేరే సంగతి. ఆ రోజుల్లో చలికాలం బడికి వెళ్ళే ప్రతి పిల్లా చంకలో ఒక కట్టె తీసుకెళ్ళాలి. టీచరమ్మ దాన్ని పొయ్యిలో వేసేది. కట్టె తేనివాడు తలుపు దగ్గర కూర్చోవాలి. గాస్పార్ వాళ్ళింట్లో ఎనిమిదిమంది పిల్లలు. వాడి వంతు వచ్చేసరికి కట్టె మిగిలేది కాదు. తలుపు దగ్గర వాడి చోటు వాడి పేరనే ఉండేది. పెద్దయ్యాక చర్చి తాళం చేతికి రాగానే ఆ కసి లోకమంతటి మీదా తీర్చుకుంటున్నాడని నేను అందరితో చెప్పేదాన్ని. నేను చెబితే మా ఊళ్ళో చాలామంది నమ్ముతారు.

మనిషిని చూసి కట్టె ఎంచడం మాత్రం వాడికి అబ్బిన విద్య. కొత్తగా పెళ్ళైనవాళ్ళకు ఇద్దరు మోయవలసిన పొడుగు దుంగ ఒకటి ఇచ్చేవాడు. "ముందున్నవాడు తొందరపడకూడదు, వెనకున్నామె తిట్టకూడదు," అని చెప్పి పంపేవాడు. ఒకసారి ఒక జంట అరవయ్యో మెట్టు దగ్గర పోట్లాడుకుని దుంగ పడేస్తే, మళ్ళీ కిందికి పంపి మొదటినుంచి ఎక్కించాడు. కన్యాస్త్రీలకు దేవదారు, తేలిక అని. ఎన్నికల ముందు వచ్చే నాయకులకు రెండు, ఫొటో తీయించుకుంటే మూడు. పోయినేడు వచ్చినవాళ్ళు మళ్ళీ వస్తే, "మీ కట్టె క్రిస్మస్ వారంలో కాలింది, బాగా కాలింది," అని కబురు చెప్పేవాడు. వాళ్ళు సొంత మేనల్లుడికి ఉద్యోగం వచ్చినంత సంబరపడేవాళ్ళు.

చర్చి చూపించడానికి వాడికి ఒక్క తారీఖూ తెలియదు.

"ఇది ఎప్పటిదండీ?"

"మా తాత పుట్టకముందుది."

"చెక్కిందెవరు?"

"కనుమ దాటి వచ్చినవాడు. వచ్చేటప్పటికి తిండిలేక ఉన్నాడట. ఎడమవైపు దేవదూతల్ని చూడండి, డొక్కలు లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు కుడివైపు వాళ్ళని చూడండి. అప్పటికి మా ఊరి సూపు అలవాటైంది."

ఇక అసలు విషయానికి వస్తాను. మా కొండల్లో అడవి ఊరందరిది. ఏటా ఆకులు రాలే కాలంలో చీట్లు వేసి ఒక్కో పొయ్యికి ఒక్కో వాటా పంచుతారు. చర్చిలో వెలసిన సెయింట్ గ్రాకు కూడా ఒక వాటా ఉంది. పాత ఆచారం. మెట్ల మొదట ఉండే దొంతి ఆ సెయింటు వాటాయే. వచ్చినవాళ్ళు మోస్తే వేసవంతా అది కొంచెం కొంచెంగా కొండెక్కి చర్చి పంచలో చేరేది. బాగానే ఉంది. కాని చర్చిలో పొయ్యి చెడి ముప్ఫై ఏళ్ళైంది. గొట్టం ఊడి పడిపోయాక ఎవరూ బాగుచేయలేదు. సెయింటుకు పొయ్యి లేదు, సెయింటు కట్టెలు మాత్రం ప్రతి వసంతానికీ మాయం.

"ఆ కట్టెలన్నీ ఎక్కడికిరా పోతున్నాయి?" అని నేను చాలాసార్లు అడిగాను.

"కట్టెలకి దారులు తెలియవా ఏంటే? పొయ్యిలోకే."

వాళ్ళింట్లో కాలుస్తున్నాడనుకుందామంటే, ఆ ఇంట్లో నీళ్ళ బిందె జనవరిలో గడ్డకట్టి ఉండేది. నేను కళ్ళారా చూశాను. అందుకని గట్టిగా ఏమీ అనలేక, మెల్లగా అన్నీ అనేదాన్ని.

కట్టెల విషయంలో అనే అర్హత నాకు ఉందని అప్పట్లో నా నమ్మకం. పై పేటలో కట్టె విలువ తెలిసిన ఇళ్ళు రెండే. ఒకటి మాది, రెండోది పక్కింటి లియోంతిన్‌ది. పై పేటకు బండి రాదు, ప్రతి పుల్లా మెట్లమీదుగా మనుషులే మోసుకురావాలి. కింద ఊళ్ళో కుర్ర కోడళ్ళ దొంతులు ఫిబ్రవరికే ఖాళీ. నా దొంతి చెర్రీలు పూసేదాకా నిలిచేది. కట్టె ఎలా పేర్చాలో, పొయ్యి మూత ఎంత తెరవాలో, ఎప్పుడు శాలువా కప్పుకుని ఊరుకోవాలో నేను అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేదాన్ని. పొయ్యి ముందు కూర్చోవడం కూడా ఒక విద్య. మా ఆయన ఉన్నన్నాళ్ళూ అది నాకు పట్టుబడలేదు, ఆయనకు చలి ఎక్కువ. ఆయన పోయిన ఏడాదినుంచే కట్టెలు నిలవడం మొదలైంది.

లియోంతిన్ మాత్రం ఒప్పుకునేది కాదు. "నీది ఏప్రిల్ ఇరవై దాకా నిలిచిందా, ఫిలొమెన్? నాది ఇరవైమూడు," అనేది. ఆ మూడు రోజుల కోసం మేమిద్దరం పన్నెండు చలికాలాలు ఒకరి కొట్టంలోకి ఒకరు తొంగిచూసుకున్నాం.

గాస్పార్‌కు ఇంకో చాదస్తం ఉండేది. ప్రసంగం పొడుగ్గా ఉండాలి. మాకు పూజ చెప్పడానికి ఫాదర్ బార్నబే రెండు ఆదివారాలకొకసారి వస్తాడు. బెనిన్ దేశం మనిషి, పదకొండు ఊళ్ళ చర్చిలు ఆయన ఒక్కడి నెత్తిమీదే. పాపం చలికి చేతి తొడుగులతోనే ప్రసంగిస్తాడు. మొదట్లో ఎనిమిది నిమిషాల్లో ముగించేవాడు, మా ప్రాణాలు హాయిగా ఉండేవి. గాస్పార్ వెళ్ళి ఆయన్ను పాడుచేశాడు.

"ఫాదర్, మీ ప్రసంగం మంచి రుచిమీదుండగా ఆపేస్తున్నారు."

"నిజంగానా? మిగతా ఊళ్ళలో తగ్గించమంటున్నారు, గాస్పార్‌గారూ."

"వాళ్ళకేం తెలుసు ఫాదర్. ఇరవై అయిదు నిమిషాలుండాలి. చలికాలమైతే ముప్ఫై."

పైగా పొడిగించమన్న మహానుభావుడు ఒక్కనాడూ వినేవాడు కాదు. ఫాదర్ నోరు తెరవగానే పక్క తలుపులోంచి జారుకునేవాడు. మేం కాళ్ళు కొయ్యలై బయటికొచ్చేసరికి పై పేట దారిలో మంచంతా మా గడపల దాకా ఊడ్చి ఉండేది. చీపురు పట్టుకుని అమాయకంగా నిలబడేవాడు. కోటు కుడిచెయ్యి మోచేతిదాకా తెల్లగా, పిండిమరలో పనిచేసి వచ్చినట్టు. సుద్దముక్కలు జేబులో వేసుకుని తిరిగేవాడికి అంతకన్నా శుభ్రం ఎక్కడొస్తుంది అనుకునేదాన్ని.

"ప్రసంగం తప్పించుకోవడానికి చీపురొక సాకు," అనేదాన్ని వినపడేటట్టు.

"నీకు ఆత్మ ఉంది, నువ్వు విను. నాకు మోకాళ్ళున్నాయి, నేను ఊడుస్తా," అనేవాడు.

పోయిన శరత్కాలంలో మేయరు రెజీస్‌కు కోపం వచ్చింది. చర్చి చూడ్డానికి వచ్చి కట్టె మోయనని తిరిగిపోయినవాళ్ళు రాసిన ఫిర్యాదులు సొరుగు నిండాయి. రెజీస్ మంచివాడే. నేను వాడి ముక్కు తుడిచిన రోజులు నాకు గుర్తు. వాళ్ళమ్మ మా పై పేట మనిషే, నాలుగేళ్ళ కిందట పోయింది. వాడు కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"అవ్వా, ఇక తలుపుకి కరెంటు తాళం పెట్టిస్తాం. పొద్దున తొమ్మిదికి అదే తెరుచుకుంటుంది, ఆరింటికి అదే మూసుకుంటుంది. పొయ్యిలేని చర్చికి కట్టెల వాటా కూడా దండగ. గాస్పార్‌గారు తాళంచెవి అప్పజెప్పాలి. పై పేట వాళ్ళు కూడా ఒప్పుకుంటే బాగుంటుంది."

"కట్టెలెటు పోతున్నాయో తేల్చు ముందు," అన్నాను.

"అదే అందులో రాశాం. సంతకం పెడతారా?"

నన్ను సంతకం అడిగి ఎన్నాళ్ళైందో. కళ్ళజోడు పెట్టుకుని, మేజా తుడిచి, మొదటి వరుసలోనే పెట్టాను. గుండ్రంగా, కింద ఒక తోకతో. రెజీస్ కూడా మెచ్చుకున్నాడు. ఆ తాళంచెవి తీసేసుకుంటే గాస్పార్‌కు ఇక మిగిలేదేమిటని ఆ క్షణాన నాకు తోచలేదు. ఆ తోక బాగా కుదిరింది మరి.

ఫిబ్రవరిలో ఒక శనివారం నీళ్ళగొట్టం దగ్గర జారి నా చీలమండ బెణికింది. మర్నాడు పూజకు వెళ్ళలేదు. పొయ్యి పక్కన కాలు స్టూలుమీద పెట్టుకుని కూర్చుంటే చర్చిలో పాట ఆగింది, ఫాదర్ గొంతు మొదలైంది. కాసేపటికి గోడ అవతల నా కొట్టంలో చప్పుడైంది. పొయ్యి కదిపే ఇనప కడ్డీ తీసుకుని కుంటుకుంటూ వెళ్ళి తలుపు సందులోంచి చూశాను.

గాస్పార్ మోకాళ్ళ మీద ఉన్నాడు. చర్చిలో కూడా వాడు మోకరించగా నేను చూడలేదు. పక్కన మంచుమీద లాగే చిన్న చెక్క జారుబండి, దాంట్లో కట్టెలు. ఒక్కొక్కటీ తీసి, కోసమీది సుద్ద రాతను కుడిచేతి కోటుతో తుడిచి, నా దొంతి ముందు వరుస వెనకాల దూరుస్తున్నాడు. వాటిమీది ఊరిపేర్లతో పిలుస్తూ కట్టెలతో మాట్లాడుతున్నాడు కూడా.

"తొరీనో, నువ్వు లోపలికి పో. లియోన్, నువ్వు కింద, బరువున్నావు. సరిగ్గా పడుకో, ఆవిడ కళ్ళు పాముకళ్ళు."

ఆరు పెట్టాడు. గోడ పట్టుకుని మూలుగుతూ లేచాడు. ఆ మోకాళ్ళతో ఒక్క మెట్టు కూడా బరువు మోయలేడని అప్పుడు అర్థమైంది. అందుకే ఊరూరి జనంచేత మోయించాడు. బండి లాక్కుంటూ లియోంతిన్ కొట్టంలోకి వెళ్ళాడు. అక్కడా ఆరు. పై పేటలోనే ఇంకా వెనకగా ఉన్న ముసలివాళ్ళ ఇళ్ళు ఇంకా రెండు, వాటిలోకీ వెళ్ళాడు. తర్వాత చీపురు తీసి జారుబండి జాడలు పోయేలా దారంతా ఊడ్చాడు. లోపల ఫాదర్ బార్నబే ఇంకా చెబుతూనే ఉన్నాడు.

నాకు ముందు కోపం వచ్చింది. నా దొంతి నేను విప్పి చూసుకున్నాను. ముందు వరుస నాది. వెనకాల ఉన్న ప్రతి కట్టె కోసమీదా చెరిపిన సుద్ద మరక. పన్నెండు చలికాలాలు నా పొయ్యిలో సగం ఐరోపా కాలిందన్నమాట. నా విద్య అంతా వాడి కోటుచెయ్యి. నా ఇల్లు వెచ్చగా ఉండడం కోసమే పూజ పూజకీ చర్చిలో నా కాళ్ళు కొయ్యబారాయి. ఒక్క కట్టెమీద తుడవడం మరిచిపోయాడు. 'పారిస్' అని వంకరగా ఉంది. దాన్ని తీసుకొచ్చి పొయ్యిలో పెట్టాను. నిజమే, పొగ ఎక్కువ.

గురువారం తాళంచెవి సంగతి తేల్చడానికి మేయరు ఆఫీసులో మీటింగు. కర్ర పట్టుకుని మెట్లన్నీ దిగి వెళ్ళాను. లియోంతిన్ మొదటి వరుసలో కూర్చుంది, తగాదా అంటే ముందు వరుసే దానికి ఇష్టం. గాస్పార్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. బల్లమీద తాళంచెవి. పక్కనే నా సంతకం ఉన్న కాగితం.

"గాస్పార్‌గారూ, ఒక్క ముక్క చెప్పండి, చాలు," అన్నాడు రెజీస్. "సెయింటు కట్టెలు ఎక్కడికి పోతున్నాయి?"

"కాలుతున్నాయి."

"ఎక్కడ?"

"పొయ్యిలో."

"ఎవరి పొయ్యిలో?"

గాస్పార్, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు కోటుచేతి మీది తెలుపును దులుపుకున్నాడు. రెజీస్ ఇంకోసారి అడిగాడు. మూడోసారి అడిగాడు. గాస్పార్ చూపుడువేలితో తాళంచెవిని మెల్లగా మేయరు వైపు నెట్టాడు. ముప్ఫై ఏళ్ళు నడుముకు కట్టుకున్నదాన్ని నెట్టేశాడు తప్ప, ఫలానా ముసలమ్మల కొట్టాల్లోకి అనే మాట నోటివెంట రానివ్వలేదు.

నేను లేచాను. "ఆ కట్టెలు నేను దొంగిలించాను."

హాలంతా నావైపు తిరిగింది. దానం పుచ్చుకున్నదాన్ని అనడంకన్నా దొంగననడం నాకు తేలిక. ఇప్పటికీ అంతే.

"మీరా, అవ్వా?"

"ఏం, ఎనభై ఒకటి వస్తే దొంగతనం చేతకాదా? పంచలో ఉంటాయి. తలుపు ఉండదు. వీడు ఊడ్చుకుంటూ ఉంటాడు. తెచ్చుకుంటాను."

"అది కాదు రెజీస్..." అని గాస్పార్ నోరు తెరిచాడు.

"నువ్వు నోర్ముయ్. కళ్ళముందు పోయినా కనిపెట్టలేనివాడివి, నీకేం తెలుసు?"

లియోంతిన్ లేచి నిలబడింది. దాని ముఖం ఈస్టరునాటి దీపంలా వెలిగిపోయింది. "నాకు ముందే తెలుసు. పన్నెండేళ్ళనుంచీ చెర్రీలు పూసేదాకా కట్టెలు నిలిచాయంటే అనుమానం రాదా? మూత ఇంత తెరవాలట, శాలువా కప్పుకోవాలట. అందరూ వచ్చి నా కొట్టం చూడండి. ఒక్క పుల్ల దొంగసొత్తు ఉంటే అడగండి. నిజాయితీగా కాల్చినా ఏప్రిల్ ఇరవైమూడు దాకా నిలుస్తాయి."

నా నాలుక చివర 'తొరీనో' అనే మాట ఉంది. 'లియోన్' ఉంది. గాస్పార్ నావైపు చూశాడు. చేతులు టోపీ పట్టుకునే ఉన్నాయి గాని కళ్ళతోనే దణ్ణం పెట్టాడు. ఎనభై ఏళ్ళలో నేను మింగిన మాట అదొక్కటే. ఇప్పటికీ అరగలేదు.

రెజీస్ గాస్పార్ కోటుచెయ్యి మీది సుద్ద వైపు చూశాడు. తర్వాత నన్ను అడిగాడు, గొంతు తగ్గించి. "అమ్మ ఇల్లు ఖాళీ చేసినప్పుడు కొట్టంలో ఒక కట్టె కోసమీద సుద్దతో 'దిజోన్' అని ఉంది. మా అమ్మ ఎన్నడూ దిజోన్ వెళ్ళలేదు. అవ్వా, అమ్మ కూడా దొంగిలించిందా?"

"నాకు నేర్పింది మీ అమ్మే," అన్నాను.

రెజీస్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి బయట మంచు చూశాడు. మంచులో చూడ్డానికి ఏమీ లేదు. తిరిగొచ్చి తాళంచెవిని గాస్పార్ వైపు నెట్టాడు. "ఈ చలికి కరెంటు తాళాలు పనిచెయ్యవట. తర్వాత చూద్దాం. వచ్చే చీట్లలో సెయింటుకి రెండు వాటాలు వెయ్యండి. దొంగతనం ఎక్కువగా ఉంది."

"దేవుడా," అంది లియోంతిన్ కూర్చుంటూ, "పై పేటలో నేనొక్కదాన్నే నిజాయితీగా బతికానన్నమాట."

నా సంతకం కొట్టేయమని అడిగితే కుదరదన్నాడు రెజీస్. దాని కిందే 'పైది చెల్లదు' అని రాసి ఇంకోటి పెట్టాను. మొదటిదానికన్నా గుండ్రంగా వచ్చింది.

అప్పటినుంచి రొట్టెల కొట్టులో నేను అడుగుపెడితే బుట్టలు దాచినట్టు నటిస్తారు. తర్వాతి పూజలో ఫాదర్ బార్నబే, క్రీస్తు పక్కన సిలువ మీద ఉన్న మంచి దొంగ గురించి ప్రసంగించాడు, నావైపే చూస్తూ, ముప్ఫై అయిదు నిమిషాలు. ఆ అంశం ఎవరు అడిగారో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఈ నవంబరులో, మొదటి మంచు పడకముందు, గాస్పార్ మా గడపలోకి వచ్చాడు. మోకాళ్ళకు ఆపరేషనట. కింద లోయలో ఆసుపత్రి, తర్వాత వ్యాయామాలు, ఈస్టరు దాకా రాలేడట. చేతిరుమాలులో చుట్టిన తాళంచెవి నా మేజామీద పెట్టాడు.

"ఏమే ఫిలొమెన్, ఆ రోజు నువ్వు..."

"ఆ రోజు సంగతి ఎత్తావంటే ఈ తాళంచెవితోనే కొడతాను. పని చెప్పు."

"క్రిస్మస్‌కి మంచుమీద ఆడేవాళ్ళొస్తారు. బలంగా ఉంటారు, పెద్దవే ఇవ్వు. లియోన్ వాళ్ళు సన్నవి ఏరతారు, ఏరనివ్వకు. ప్రొఫెసరు ఉత్తరం రాశాడు, ముప్ఫైమంది విద్యార్థుల్ని తెస్తాడట. వాళ్ళ భుజాలు చూడక్కర్లేదు, వయసు చూడు చాలు."

"ఇంకా?"

"ఫాదర్‌కి ప్రసంగం పొడుగు చెయ్యమని నువ్వే చెప్పాలి."

"నేనా? పోయిన నెలేగా ఆయన్ని గడియారం చూసుకోమన్నాను."

"అందుకే నువ్వు చెబితే ఆయనకి ఇంకా సంతోషం. ప్రసంగం మొదలవగానే పక్క తలుపులోంచి వచ్చెయ్యి. జారుబండి చర్చి గంట కింద ఉంది. వెనక రెండిళ్ళకీ అయిదేసి. నీకు నాలుగు. లియోంతిన్‌కి ఆరు."

"నాకెందుకు తక్కువ?"

"ఈ ఏడు దాని దొంతి నీదానికన్నా వారం ఎక్కువ నిలవాలే. పై పేటలో నిజాయితీగా మిగిలింది అదొక్కతే కదా," అన్నాడు గాస్పార్ కర్ర అందుకుంటూ. "సుద్ద తుడవడం మర్చిపోకు. నల్ల కోటు వద్దు, బూడిదరంగుది వేసుకో. ఏప్రిల్లో లియోంతిన్ వచ్చి 'నాది ఇంకా మిగిలుంది' అని చెప్పినప్పుడు, నువ్వు కాస్త కుళ్ళుకున్నట్టు కనబడు."